ఐదు మిల్లీమీటర్లు

మా చిన్నాన్న రైల్వేలో సిగ్నల్ మనిషి. సికింద్రాబాద్‌లో 1957 నుంచీ నడుస్తున్న ఇరిసెట్‌లో శిక్షణ పొందాడు. మెట్టుగూడ క్వార్టర్స్‌లో అన్నం తింటూ కూడా మాకు బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే పాయింట్ల పాఠమే చెప్పేవాడు. కదిలే పట్టా, అంటే టంగ్ రైలు, కొస నుంచి 150 మిల్లీమీటర్ల దగ్గర, దానికీ పక్కనే కదలకుండా ఉండే స్టాక్ రైలుకీ నడుమ 5 మిల్లీమీటర్ల టెస్ట్ పీస్ పెడితే పాయింటు లాక్ కాకూడదు. లాక్ అయిందంటే ఆ పాయింటును నమ్మి బండిని పంపకూడదు.

"మిషన్ దొంగ కాదురా. నువ్వు ఏది చెప్తే అది నమ్ముతది. దానికి అబద్ధం చెప్పొద్దు" అనేవాడు. ఆ మాట వింటూ పెరిగాను. ఇప్పటికీ అది నిజమనే నమ్ముతాను.

2019 డిసెంబరులో తమ్ముడి కాన్వొకేషన్‌కి చిన్నాన్న, చిన్నమ్మ కొలరాడో వెళ్ళారు. అంతకుముందు చిన్నాన్నకి మంచు అంటే లోయర్ ట్యాంక్‌బండ్ స్నోవరల్డే. తమ్ముడు స్కీయింగ్‌కి తీసుకెళ్ళాడు. ముందు రోజు సాయంత్రం స్కీలు అద్దెకిచ్చే దుకాణం నుంచి బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు చిన్నాన్న. గొంతులో ఎంత సంబరమో!

"బూటును స్కీకి పట్టి ఉంచేదాన్ని బైండింగ్ అంటరు. ముందొక ముక్క, మడమ దగ్గర ఒక ముక్క. జారేటప్పుడు గట్టిగ పట్టుకోవాలె, పడ్డప్పుడు కాలు మెలిపడక ముందే వదిలెయ్యాలె. వదలకపోతే ఆ పొడుగు పలక మొత్తం కాలిని తిప్పేస్తది. అందుకే ఒకరి బూటుకు పెట్టింది ఇంకొకరికి పనికిరాదు. బూటు అడుగు పొడుగు మడమ పక్కన మిల్లీమీటర్లల్ల రాసే ఉంటది. దాన్ని బట్టి మడమ ముక్క జరుపుతరు. తర్వాత ఎత్తు, బరువు, వయసు, పని ఎంత వచ్చు, ఇవన్నీ పట్టికల చూసి బిగువు పెడుతరు. అడుగు పొడుగైతే బలం ఎక్కువ పడుతది కాబట్టి అదే మనిషికి అంకె తగ్గుతది. యాభై నిండితే ఒక మెట్టు కిందికి దించుతరట."

కొందరు గొప్ప కోసం బాగా వచ్చని రాస్తారట. అప్పుడు బిగువు పెరుగుతుంది, ఊడాల్సినప్పుడు ఊడదు. తను మాత్రం 'మొదటిసారి' అనే రాశానన్నాడు. 1937లో కాలు విరిగి మంచాన పడ్డ యాల్మార్ వామ్ అనే నార్వే మనిషి ఇలా వదిలే బైండింగ్‌ని కనిపెట్టాడని తమ్ముడు చెబితే, ఆయన్ని తలచుకుని దండం పెట్టుకున్నాడట.

మర్నాడు పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీదే పడ్డాడు. నెమ్మదిగా, ఒక పక్కకి తిరుగుతూ. స్కీ ఊడలేదు. మోకాలి కింద ఎముక విరిగింది.

ఫిబ్రవరిలో ఇంటికొచ్చారు, కాల్లో రాడ్డుతో. ఆ ఆదివారం అందరం మంచం చుట్టూ కూర్చున్నాం. వీడియో కాల్‌లో తమ్ముడు మండిపోతున్నాడు.

"ఫిర్యాదు రాసి పెట్టాను నాన్నా. లాయరుతో కూడా మాట్లాడాను. నువ్వు ఫారంలో అన్నీ సరిగ్గానే రాశావు. వాడు నీ తెల్లజుట్టు చూసి యాభై నిండాయా అని రెండుసార్లు అడిగాడు. నువ్వు పాస్‌పోర్టు తీసి చూపించావు, నలభై ఏడని. ఇంకేం కావాలి వాడికి? బిగించడంలోనే తప్పు చేశాడు."

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చిన్నమ్మ దుప్పటి సర్దుతోంది.

"వద్దురా" అన్నాడు చివరికి. "చిన్న పిలగాడు. ఉద్యోగం పోతది. నా కాలు ఎట్లాగో అతుక్కుంటది. వాన్ని వదిలెయ్."

నా గొంతు పట్టేసింది. తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. "కాలు విరగ్గొట్టినవాణ్ణి కూడా క్షమించావు. నీలాంటి మనిషిని నేను చూడలేదు నాన్నా!"

నానమ్మకి వినికిడి తక్కువ. మేమేం మాట్లాడుతున్నామో ఆమెకు తెలియలేదు. గోడ పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. కొడుకు కాలు నిమిరింది.

"రంది పడకు కొడుకా. యాభై నిండినంక బొక్క మెల్లగనే అతుకుతది. నువ్వు పుట్టింది అరవై తొమ్మిదిల, జై తెలంగాణ లొల్లిల. కర్ఫ్యూ పెట్టిన్రు, రిక్షా దొరకలే. నొప్పులతోని గాంధీ దవాఖాన దాక నడుసుకుంట పోయిన. బడిల మీ నాయిన మూడేండ్లు తక్కువ రాపిచ్చిండు, కొలువు మూడేండ్లు ఎక్కువుంటదని. ముప్పై రెండు దాక కొలువున్నది గద నీకు, ఇంకేం ఫికరు?"

ఫోన్‌లోంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"నానమ్మా, ఏ సంవత్సరం అన్నావు?"