ఆరేళ్ల ఒప్పందం, పది నెలల కాపురం

చిన్న ఫుట్‌బాల్‌ క్లబ్బు మేనేజర్‌ పెద్ద క్లబ్బుకు పనికొస్తాడా అని ఇంగ్లండ్‌లో ఏటా పంచాయితీ పెడతారు. 2013లో మాంచెస్టర్‌ యునైటెడ్‌ పెద్దలకు ఆ సందేహమే రాలేదు. ఎవర్టన్‌లో పదకొండేళ్లు గుట్టుగా సంసారం ఈదిన డేవిడ్‌ మోయెస్‌ను ఆరేళ్ల ఒప్పందంతో ఇల్లరికం తెచ్చుకున్నారు. అంతకుముందు మేనేజర్‌గా 26 ఏళ్లు ఏలిన ఫెర్గూసన్‌ పగ్గాలైతే అప్పగించారు గానీ, మ్యాచ్‌ రోజున గ్యాలరీలో దర్శనమిస్తూనే ఉన్నారు. మామగారు పైనుంచి చూస్తుంటే అల్లుడికి ముద్ద దిగుతుందా? ఛాంపియన్‌ జట్టు ఏడో స్థానానికి జారింది. ‘ఎంపికైనవాడు ఇతడే’ అని స్టేడియంలో అభిమానులు బ్యానర్‌ కడితే, మరికొందరు విమానం అద్దెకు తెచ్చి ‘తప్పుడు ఎంపిక’ అని ఆకాశంలో దండోరా వేశారు. 2014 ఏప్రిల్‌లో అల్లుడి పెట్టె వీధిలో పడింది.

తర్వాత వాన్‌ గాల్‌ వచ్చాడు, మొరిన్యో వచ్చాడు. ఇద్దరూ పెద్దిళ్లు చూసినవాళ్లే. వాళ్లనూ అదే గుమ్మంలోంచి సాగనంపారు. మోయెస్‌ మాత్రం 2023లో వెస్ట్‌హామ్‌ క్లబ్బుకు యూరోపా కాన్ఫరెన్స్‌ లీగ్‌ కప్పు తెచ్చిపెట్టాడు.

అయ్యా, కూర్చున్నవాళ్లంతా పడిపోతుంటే మనిషిని కాదు, ముందు కుర్చీ కాళ్లు చూసుకోండి!