శిక్షణ సార్లకు, సుద్దులు పిల్లలకు

నవంబరు 25 వచ్చిందంటే విశాఖ కాలేజీల సెమినార్ హాళ్ళకు పెళ్ళికళ వచ్చేస్తుంది. మహిళలపై హింస నిర్మూలన దినం కదా! గుమ్మానికి ఫ్లెక్సీ, వేదిక మీద జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథికి శాలువా, అధ్యాపకులకు జెండర్ సెన్సిటైజేషన్ శిక్షణ. వెనక వరసలో కూర్చున్న సారు మధ్యాహ్నం పెట్టాల్సిన సంతకం కూడా పొద్దున్నే పెట్టేసి, ఫోన్లో తలదూర్చేస్తారు. బిర్యానీ అయ్యాక గూగుల్ ఫారం, సాయంత్రానికి వాట్సాప్‌లో ఈ-సర్టిఫికెట్. ఇక మా క్యాంపస్‌లో వేధింపులున్నాయని ఎవరైనా అంటే, ఆ సర్టిఫికెట్‌ని అవమానించినట్టే!

ఇంతకీ ఉపన్యాసాల్లో ఏముంటుంది? ఆడపిల్లలు చీకటి పడ్డాక ఆర్కే బీచ్‌కి వెళ్ళరాదు, ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టరాదు, చున్నీ జారనివ్వరాదు. వింటున్నవాళ్ళు మాత్రం అధ్యాపకులు. రోగం ఒకరికి, పథ్యం ఇంకొకరికి.

ఇంటర్నల్ మార్కులు, హాజరు, ప్రాజెక్టు వైవా, పీహెచ్‌డీ మీద గైడు సంతకం: పిల్లల బతుకును ఇటు తిప్పాలన్నా అటు తిప్పాలన్నా ఈ నాలుగూ చాలు. ఆ నాలుగూ సార్ల చేతుల్లోనే ఉన్నాయి. "థీసిస్ సంగతి మాట్లాడాలి, అందరూ వెళ్ళాక రూముకి రా" అని పక్క గదిలో సహోద్యోగి పిలుస్తుంటే మనమేం చేయాలి? ఏడుస్తూ వచ్చిన పిల్లతో మొదటి మాట ఏమనాలి? ఇవి సిలబస్‌లో లేవు. "అన్నీ సర్దుకుంటాయమ్మా, పరువు పోతుంది" అనే పాఠం మాత్రం ఏ శిక్షణా లేకుండానే అందరికీ కంఠతా వచ్చు.

ఈ ఊళ్ళోనే ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమైన యంత్రాలకు కంచె వేయమంది. మన కాలేజీలు మాత్రం యంత్రాన్ని వదిలేసి కార్మికుడి చుట్టూ కంచె కడుతున్నాయి.

పనిచోట లైంగిక వేధింపులకు చట్టం లేదా? 2013లోనే వచ్చింది. యూజీసీ 2015 నిబంధనలు ఇంకా విడమరిచి చెప్పాయి: అంతర్గత ఫిర్యాదుల కమిటీకి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, శాఖాధిపతులు అందులో ఉండకూడదు. విద్యార్థుల వ్యవహారమైతే ముగ్గురు విద్యార్థులు ఎన్నికై రావాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఈ ముక్కల మీద పదిమార్కుల పరీక్ష పెడితే మన సర్టిఫికెట్‌దారుల్లో ఎందరు గట్టెక్కుతారో! 2023 మేలో గోవా విశ్వవిద్యాలయం కేసు వింటూ సుప్రీంకోర్టు, చట్టం వచ్చి పదేళ్ళయినా అమలులో తీవ్ర లోపాలున్నాయని చెప్పాల్సి వచ్చింది.

2024 మార్చిలో ఈ నగరంలోనే ఓ పాలిటెక్నిక్ విద్యార్థిని, కాలేజీలో లైంగిక వేధింపులని ఇంటివాళ్ళకు సందేశం పెట్టి ప్రాణం తీసుకుంది. అలాంటి మాటను ఆ పిల్ల బతికుండగా, భయం లేకుండా చెప్పుకోగలిగే టీచరు ప్రతి కాలేజీలో ఉండాలి. అలాంటి టీచర్లను తయారుచేయడమే శిక్షణ. మిగతాదంతా ప్రమోషన్ ఫైలుకు మేత.

తల్లిదండ్రులారా, అడ్మిషన్ల రోజున ప్లేస్‌మెంట్ల లెక్క ఎలాగూ అడుగుతారు. ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో, వాళ్ళ ఫోన్ నంబర్లు ఎక్కడ అంటించారో కూడా అడగండి. జవాబు చెప్పలేని కాలేజీ ఎన్ని శిక్షణలు పెట్టినా, అది వేధించేవాడి పక్షమే.