రాళ్ళ మౌనమూ, సందర్శకుల వాచాలతా

ఫ్రాన్సు దేశపు వాయవ్య మూలన, అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన బ్రిటనీ ప్రాంతంలో, మోర్బియాన్ తీరాన ఉన్న కార్నాక్ అనే చిన్న పట్టణానికి రెండు రకాల ఖ్యాతి ఉన్నది. మొదటిది ఇసుక బీచిల వలన వచ్చినది, రెండవది ఊరి ఉత్తరపు పొలిమేరలో బారులు తీరి నిలబడిన సుమారు మూడు వేల ప్రాచీన శిలల వలన వచ్చినది. వేసవిలో అక్కడికి చేరే కుటుంబాలలో బీచి కోసం వచ్చి రాళ్ళ కోసం వచ్చినట్లు చెప్పుకొనేవారే అధికమని అనుమానించడానికి గట్టి ఆధారాలు ఉన్నాయి. వారి సంచులలో తువ్వాళ్ళు ఉంటాయి, చరిత్ర పుస్తకాలు ఉండవు. అయినా వారిని తప్పుపట్టడానికి లేదు. సముద్రంలో మునిగి వచ్చినవాడు ఎందుకు మునిగాడో ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు గాని, రాళ్ళను చూసి వచ్చినవాడు అక్కడ ఏమున్నదని అడిగిన ప్రతివారికీ ఏదో ఒకటి చెప్పి తీరవలసి వస్తుంది. మానవజాతి ఆ ఏదో ఒకటిని వెతుక్కోవడానికి గత రెండున్నర శతాబ్దాలుగా పడుతున్న అవస్థ, రాళ్ళ కంటె తక్కువ దర్శనీయమైనదేమీ కాదు.

పూర్వకాలపు జనం నేలలో పాతి నిలువుగా నిలిపిన ఒంటి శిలను పురావస్తు శాస్త్రజ్ఞులు మెన్‌హిర్ అంటారు, తెలుగులో నిలువురాయి అంటే సరిపోతుంది; నిలిపిన రాళ్ళపై బండను కప్పుగా పరచి కట్టిన సమాధి గదికి డోల్మెన్ అని పేరు, ఇటువంటి సమాధులను తెలంగాణ పల్లెలలో రాకాసి గుళ్ళు అనడం కద్దు. కార్నాక్ శిలలలో ముఖ్యమైన సముదాయాలు మూడు: మెనెక్, కెర్మారియో, కెర్లెస్కాన్. వీటిలో మెనెక్ వద్ద పదకొండు బారులలో 1,099 రాళ్ళు ఉన్నాయి. మరొక్క రాయి దొరికితే సంఖ్య ముచ్చటగా ఉండేదని అనిపించినా, ఎక్కడినుండో ఒకటి తెచ్చి పాతకుండా ఊరుకున్న పండితుల నిగ్రహం మెచ్చుకోదగినది. పడమటి కొసన నాలుగు మీటర్ల వరకు ఎత్తున్న ఈ శిలలు తూర్పుకు పోయేకొద్దీ పొట్టివై మోకాలెత్తుకు దిగుతాయి. క్రీస్తుకు పూర్వం అయిదవ సహస్రాబ్దిలో, అంటే గిజా పిరమిడ్లకు వెయ్యేళ్ళకు పైగా ముందే, ఇనుమూ చక్రమూ లిపీ ఎరుగని జనం ఈ బారులకు పూనుకున్నారు. లిపి లేకపోవడం ఇక్కడ గమనింపదగిన సంగతి. వారు ఒక్క శాసనం చెక్కి ఉంటే తరువాతివారికి ఇంత పని తగిలేది కాదు.

రాయి నోరు విప్పకపోతే మనిషి విప్పుతాడు. స్థానికుల కథనం ప్రకారం కోర్నెలీ అనే పునీతుడిని రోమను సైనికులు తరుముకొనిరాగా, ఎదుట సముద్రం అడ్డుపడినప్పుడు ఆయన వెనుదిరిగి వారినందరినీ ఉన్నవారిని ఉన్నట్టే రాళ్ళుగా మార్చాడు. ఈ కథకున్న బలం ఏమిటంటే బారులు ఎందుకు తిన్నగా ఉన్నాయో ఇది చక్కగా వివరిస్తుంది. బలహీనత ఏమిటంటే ఆ పునీతుడు 253లో ఇటలీలోనే మరణించిన పోప్ కోర్నేలియస్. పశువులకు రక్షకుడిగా ఆయనకు ఆ ప్రాంతంలో గొప్ప మన్నన ఉన్నది, ఊరి చర్చి ముఖభాగాన ఆయన విగ్రహానికి ఇరువైపులా ఎద్దుల బొమ్మలు కూడా ఉన్నాయి. అందువలన కార్నాక్‌లో ఎవరైనా ఈ కథలోని చారిత్రక లోపాన్ని ఎత్తిచూపదలిస్తే, బస్సు బయలుదేరే వేళ చూసుకొని ఎత్తిచూపడం శ్రేయస్కరం.

పండితులు కథలు చెప్పరు, సిద్ధాంతాలు చెబుతారు. రెంటికీ గల భేదం తరచుగా పుస్తకపు వెలలోనే తెలుస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో లా సోవజేర్ అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు ఈ శిలలు రోమను సేనల శిబిరానికి సంబంధించినవని నిర్ణయించాడు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఇవి డ్రూయిడ్లవి, అంటే ప్రాచీన కెల్టు జాతుల పురోహితులవి, కావడం సర్వజనామోదం పొందింది. 1830లలో బాథర్స్ట్ డీన్ అనే ఆంగ్ల మతాచార్యుడు బారుల వంపులను చూసి ఇది ఒక మహాసర్పం ఆకారంలో కట్టిన నాగాలయమని వ్రాశాడు. 1970లలో అలెగ్జాండర్ థామ్ అనే స్కాట్లండు ఇంజనీరు ఎంతో ఓపికతో కొలతలు తీసుకొని, ప్రాచీనులు 0.829 మీటర్ల గజం ఒకటి వాడారనీ, వీటి సాయంతో చంద్రుని గతిని లెక్కకట్టారనీ వాదించాడు. ఇవి భూకంపాలను పసిగట్టే సాధనాలనే ప్రతిపాదన కూడా వచ్చింది. సైనికుడికి శిబిరమూ, మతాచార్యుడికి ఆలయమూ, ఇంజనీరుకు పరికరమూ కనబడడం చూస్తే, ఈ శిలలు దేనికి ఉపయోగపడినా పడకపోయినా, చూసేవాని వృత్తిని నిర్ధారించడానికి మాత్రం నమ్మదగిన సాధనాలని ఒప్పుకోవాలి. 1847లో బ్రిటనీ అంతా చాలావరకు కాలినడకన తిరిగిన నవలాకారుడు ఫ్లోబేర్ అప్పటివరకు వచ్చిన సిద్ధాంతాలన్నిటినీ తీరికగా ఏకరువు పెట్టి, చివరకు తన వంతు సిద్ధాంతంగా కార్నాక్ రాళ్ళు పెద్ద రాళ్ళని మాత్రం తేల్చాడు. ఆ తరువాత వెలువడిన నిర్ణయాలలో దేనినీ ఇంత నిష్కర్షగా ఎవరూ నిరూపించలేకపోయారు. ఇక ఆస్టెరిక్స్ బొమ్మల కథలలో ఓబెలిక్స్ వీపున మోసుకుతిరిగే మెన్‌హిర్ మాట ఎత్తితే, ఆ కథాకాలపు గాల్ జాతివారి నాటికే ఈ శిలలు నాలుగు వేల ఏళ్ళ పాతవి. అయినా ఈ రాళ్ళు దేనికో ఓబెలిక్స్‌కు కూడా తెలియదు కనుక, ఆ ఒక్క విషయంలో చిత్రణ శాస్త్రీయమే.

సందర్శకుని అసలు ఇబ్బంది ఫోటో దగ్గర మొదలవుతుంది. దూరం నుండి తీస్తే వెయ్యి రాళ్ళున్న బీడు వస్తుంది, దగ్గర నుండి తీస్తే ఏ క్వారీలోనైనా దొరకగల ఒక రాయి వస్తుంది. వెయ్యి రాళ్ళు కలిసి కలిగించే విస్మయం ఏ కోణంలోనూ దొరకదు. తవ్వకాలలో పరిమాణం తెలియడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు ఎరుపు తెలుపు పట్టీల కొలకర్రను రాతి పక్కన ఉంచుతారు, సందర్శకుడు అందుకు బావమరిదిని ఉంచుతాడు. ఫలితం శాస్త్రదృష్టిలో దాదాపు సమానమే గాని, కొలకర్ర కళ్ళు మూయదు, మరొకటి తీయమని అడగదు. కొందరు రాతికి అరచేతులు ఆనించి కళ్ళు మూసుకొని శక్తి ప్రసారం కోసం వేచి ఉంటారు. వారు ఎన్నుకొన్న రాయిపై చిన్న ఎర్రని సిమెంటు గుర్తు కనబడితే, పడిపోయిన ఆ రాతిని మరమ్మతుల సమయంలో తిరిగి లేపి నిలబెట్టారని అర్థం. కార్నాక్‌లోనే పుట్టి అక్కడి మ్యూజియాన్ని దీర్ఘకాలం చూసుకొన్న జకారీ ల రూజిక్ ఇటువంటి పునరుద్ధరణలు ఎన్నో జరిపించాడు. ఆరువేల ఏళ్ళనాటి శక్తి నడుమ కొంతకాలం పడుకొని లేచిన రాతిలో ఏ మోతాదులో నిలిచి ఉంటుందో తేల్చే బాధ్యత అరచేతులు ఆనించినవారిదే.

జనం పాదాల తాకిడికి గడ్డి నశించి, మన్ను కొట్టుకుపోయి, రాళ్ళ మొదళ్ళు బయటపడడంతో 1990ల ఆరంభంలో ఈ బారుల చుట్టూ కంచె వేశారు. ఇప్పుడు శీతాకాలంలో ఎవరైనా లోపల తిరగవచ్చు, ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు మాత్రం టికెట్టు కొని, గైడు వెంట, గుంపుగా నడవాలి. మొక్కలు ఏపుగా పెరగకుండా మేయడానికి గొర్రెలను లోపలికి వదులుతారు. కంచె బయట నిలబడి వాటిని చూసే సందర్శకునికి పరిణామక్రమంలో తన స్థానాన్ని గురించి కొన్ని సందేహాలు కలగడం సహజం. లోపలికి వెళ్ళగలిగినవారికి గైడు చెప్పే వాక్యాలన్నీ కావచ్చు, ఉండవచ్చు, జరిగి ఉండవచ్చు అని ముగుస్తాయి. ఇది నిజాయితీ గల శాస్త్రానికి లక్షణమే అయినా, టికెట్టు కొన్నవారిలో కొందరు నిశ్చయార్థకాన్ని ఆశించి వస్తారు.

తీరం వెంబడి తూర్పుగా పోతే లోక్మారియాకేర్ వద్ద మహా భగ్న మెన్‌హిర్ దర్శనమిస్తుంది. 20 మీటర్లకు పైగా పొడవూ, సుమారు 300 టన్నుల బరువూ ఉన్న ఈ ఏకశిలను కిలోమీటర్ల దూరం తరలించి నిలబెట్టారు. ఇప్పుడది నాలుగు ముక్కలై నేలపై ఉన్నది. భూకంపం కూల్చిందనేవారూ, మనుషులే కావాలని కూల్చారనేవారూ నేటికీ రెండు పక్షాలుగా ఉన్నారు. రెండవ పక్షానికి ఊతమిచ్చే ఉదంతం ఒకటి పక్కనే ఉన్నది. అక్కడి డోల్మెన్ పైకప్పు బండకూ, సుమారు నాలుగు కిలోమీటర్ల ఆవల గవ్రినిస్ దీవిలోని సమాధి పైకప్పు బండకూ ఒకప్పుడు ఒకే శిల మూలమని 1984లో బయటపడింది. ఆ శిలపై చెక్కిన ఎద్దు బొమ్మ విరిగి, దాని శరీరం కొంత ఈ గట్టునా, కొంత ఆ దీవిలోనూ ఉండిపోయింది. తాతల కట్టడాన్ని పగులగొట్టి మనుమలు పైకప్పు వేసుకొనే ఆచారం ఆధునికులది మాత్రమే కాదని దీనివలన తెలుస్తున్నది. గవ్రినిస్‌కు పోయే పడవలో కూర్చున్నవారికి దారిలో ఎర్ లన్నిక్ అనే చిన్న దీవి కనబడుతుంది. దానిమీది రెండు రాతి వలయాలలో ఒకటి సముద్రమట్టం పెరగడం వలన నీట మునిగింది. తీరానికి వచ్చిన శిలలన్నిటిలో సముద్రస్నానం చేసిన ఘనత దానికే దక్కింది, టికెట్టు కొన్నవారిలో అధికసంఖ్యాకులు మనసులో దానితోనే ఏకీభవిస్తారు.

2023లో కార్నాక్‌లో ఒక దుకాణం నిర్మాణానికి నేల చదును చేసినప్పుడు 39 చిన్న రాళ్ళు పోయాయని తెలిసి ప్రపంచమంతటా కలకలం రేగింది, అవి నిజంగా ప్రాచీనులు నిలిపినవేనా అన్న వివాదమూ దానితోపాటే వచ్చింది. ఉన్నప్పుడు వాటిని చూడడానికి ఎవరూ రాలేదు, పోయాక వారం రోజులలో మాత్రం వాటికి ఉత్తర బారులలోని ఏ రాతికీ లేనంత పేరు వచ్చింది. 2025 జూలైలో కార్నాక్, మోర్బియాన్ తీరపు బృహత్ శిలా నిర్మాణాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి.

అదే ఏడాది మార్చిలో తెలంగాణలోని నారాయణపేట జిల్లా, కృష్ణానది ఒడ్డున ఉన్న ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడి జనం ఈ రాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్ప అని కొలుస్తారు, ఒక రాతిని ఎల్లమ్మగా పూజిస్తారు. దేవుడు మౌనంగా ఉండడం ఆయన స్వభావమే కనుక, కార్నాక్‌లో రెండున్నర శతాబ్దాలు తెగని సమస్య ముడుమాల్‌లో ఎన్నడూ తలెత్తలేదు. అయితే జాబితాలో చేర్చేవారు కొలమానాలూ, ప్రామాణికతా, విశ్వజనీన విశిష్టతా వివరిస్తూ దస్తావేజులు దాఖలు చేయాలంటారు. తిమ్మప్ప తరఫున అవి ఇప్పుడు తయారవుతున్నాయి.