ఏ బండికైనా సరిపోద్ది

బండి మూతికి బుల్ బార్ అనే ఉక్కు చట్రం బిగించుకున్నవాడెవడూ అందం కోసమని ఒప్పుకోడు. అడిగి చూడండి. "రోడ్డు మీద గేదెలండీ" అంటాడు. గేదెలు లేని ఊరివాడైతే "కుక్కలండీ" అంటాడు. అపార్ట్‌మెంటు సెల్లారు దాటి ఎరగని బండివాడు కూడా "ఏమో, ఎప్పుడే అవసరం వస్తుందో" అని ఆకాశం వంక చూస్తాడు, అడ్డమొచ్చేది పైనుంచి పడుతుందన్నట్టు. మా బావమరిది వీళ్లందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. "బార్ కోసం కాదు బావగారూ, లైట్ల కోసం. లైట్లు పెట్టాలంటే దేనికో ఒకదానికి తగిలించాలిగా" అన్నాడు. ఆ రెండు లైట్లూ చెరో చేత్తో ఎత్తి చూశాను. వాటిని తగిలించే కొయ్యను మాత్రం ఇద్దరు మోసుకొచ్చారు.

లైట్ల అవసరం అబద్ధమని అనను. వాడికి కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పగలు ఎండ పడ్డంతసేపూ నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకితే ఆ తయారీ బంద్. ఇక రాత్రంతా రొయ్యా, నాచూ, అడుగు బురదా పోటీపడి ఉన్నదాన్ని పీల్చుకోవడమే. తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది, సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతుంది. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగాయంటే కాపలావాడు లేచి జనరేటర్ వేశాడో లేదో చూడ్డానికి మంచం దిగి పరుగెత్తాల్సిందే. చెరువు గట్టు మీద వీధి దీపాలుండవు. అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యలో వాన పడితే చక్రం నిలవని నల్లమట్టి. ఆ నలుపులో కలిసిపోయి, దారికి అడ్డంగా పడుకుని నెమరేసే గేదె. లైటు పడి కళ్లు మెరిస్తే గేదె అని తెలుస్తుంది. కళ్లు మూసుకుని నెమరేసేవాటి సంగతి దేవుడికెరుక.

ఇంత అవసరం ఉన్నవాడు లైట్ల దుకాణానికి వెళ్లాలి. మావాడు వాట్సాప్‌కి వెళ్లాడు. పెర్త్‌లో ఉన్న వాళ్ల పెద్దమ్మ కొడుకు తన హైలక్స్ పక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి పెట్టాడు. దాని మూతికి బానెట్ ఎత్తున ఉక్కు చట్రం, చట్రం మీద పళ్లేలంత లైట్లు. ఆస్ట్రేలియాలో దానికి అర్థముంది. సందెవేళా తెల్లవారుజామునా కంగారూలు రోడ్డు మీదికి గంతులేస్తాయి. వందల కిలోమీటర్లు మనిషన్నవాడు కనపడని దారిలో రేడియేటర్ పగిలితే దిక్కుండదు. అందుకని 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ లాంటి కంపెనీలు ఒక్కో మోడల్‌కి కొలత తీసి, ఎయిర్‌బ్యాగులతో సరిపడేలా పరీక్షించి మరీ చేస్తాయి. కంగారూ ఎగిరి అద్దం మీదికొస్తుంది కాబట్టి బార్ ఎత్తుగా ఉంటుంది. మన గేదె ఎగరదు. ఎగరడం సరే, హారన్ కొట్టినా లేవదు.

రైలింజను ముందు పశువులను పక్కకి నెట్టే చట్రాన్ని 1838లో కనిపెట్టింది చార్లెస్ బాబేజ్ అంటారు, కంప్యూటర్లకు మూలపురుషుడు. ఆయన తలపెట్టిన లెక్కల యంత్రం బతికుండగా పూర్తికాలేదు గానీ ఆవులను నెట్టే ఆలోచన మాత్రం ఖండాలు దాటి కొల్లేరు దాకా వచ్చింది. ఈ మాట మా బావమరిదికి చెప్పడం పొరపాటేమో అనుకునేలోపే, "చూశారా, సైంటిస్టులు కూడా!" అన్నాడు.

మా అత్తగారు మాత్రం లొంగలేదు. "బండికి దిష్టి తగలకుండా నిమ్మకాయలు కట్టాం, మిరపకాయలు కట్టాం, నల్లతాడు కట్టాం, టెంకాయ కొట్టాం. ఇంకా దేనికిరా ఈ ఇనుము?" అంది. "అవి దిష్టికమ్మా, ఇది గేదెకి" అన్నాడు. "గేదెకి గడ్డి వేస్తారు గానీ..." అని ఆవిడ మిగతాది వంటింట్లోకి వెళ్లి పూర్తిచేసింది.

విజయవాడ ఆటోనగర్‌లో బండికి సంబంధించి దొరకనిదంటూ ఉండదు. ఒకచోట కమాన్ కట్టలు, ఇంకోచోట రేడియేటర్లు, ఆ పక్కన చెక్కా రేకూ కలిపి లారీ బాడీ కట్టేవాళ్లు. ఏ షెడ్డు ముందు నిలబడ్డా ఎవరో ఒకరు మన బండి వంక జాలిగా చూస్తారు. బార్లు అమ్మే మేస్త్రి ఒకే ఒక్క ముక్క అన్నాడు: "ఏ బండికైనా సరిపోద్దండి."

"ఇది స్టెయిన్‌లెస్సేనా?" అని అడిగాను. ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించాడు. అంటుకోలేదు. "చూశారా, 304 గ్రేడు!" జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి, ఊరుకోలేను గదా. చవకరకం 202 కూడా అయస్కాంతానికి అంటుకోదని, ఆ పరీక్షతో రెంటికీ తేడా తెలియదని చెప్పాను. మేస్త్రి నా వంక మెచ్చుకోలుగా చూసి, "అయితే రెండూ మంచివేనన్నమాట" అన్నాడు.

బిగించడం మొదలయ్యాక తెలిసింది, అది మా బండి తప్ప ఏ బండికైనా సరిపోద్దని. ఛాసిస్ రంధ్రాలకీ బార్ కాళ్ల రంధ్రాలకీ అర వేలు తేడా. "సరిపోకపోతే సరిపోయేలా చేద్దాం" అని ఆయన గ్యాస్ కట్టర్ అందుకున్నాడు. కంపెనీ బంపర్ అడ్డమొస్తే కుర్రాడు యాక్సా బ్లేడుతో రెండు మూలలా కోశాడు. నల్లటి ప్లాస్టిక్ తురుము నేల మీద రాలుతుంటే, ఇంకా వాయిదాలు తీరని బండి తాలూకు యజమాని మొహం అటు తిప్పుకుని టీ తాగాడు. చివరి బోల్టు తిరగనంటే పదిహేడో నంబరు స్పానర్ పిడికి మూరెడు గొట్టం తొడిగి, ఇద్దరు వేలాడి బిగించారు. "ఇక ఊడదండి" అన్నాడు మేస్త్రి. నిజం చెప్పాడు, తర్వాత ఊడదీయడానికి నలుగురు కావాల్సొచ్చింది.

"మరి ఎయిర్‌బ్యాగులు?" అన్నాను.

"వాటి జోలికి మనం పోలేదండి."

చిక్కంతా అక్కడే ఉంది. మనం వాటి జోలికి పోకపోయినా ఈ ఇనుము పోతుంది. బండి ముందుభాగం దెబ్బకి నలగాలనే అలా చేస్తారు. అది నలుగుతూ దెబ్బ జోరును మింగితే లోపలున్న మనిషికి తక్కువ తగులుతుంది. ఎంత జోరుగా ఆగుతోందో సెన్సార్లు చూసి సంచీ విప్పాలో వద్దో తేల్చుకుంటాయి. ఛాసిస్‌కి నేరుగా ఉక్కు దూలం బిగిస్తే నలిగేది నలగదు, సెన్సార్ల లెక్క తప్పుతుంది. ఇక ఎదురుగా ఉన్నది గేదె కాక మనిషైతే, వంగే రేకు బదులు వంగని గొట్టం తగులుతుంది. ఇదంతా వివరించాను. మేస్త్రి శ్రద్ధగా విని, "నలుపు రంగు వేయమంటారా, ఇలాగే మెరవనిస్తారా?" అని అడిగాడు.

లైట్ల పని మాత్రం చూసి తీరాలి. మొదట చేతికందిన కుర్రాడు హెడ్‌లైట్ వైరుకే చుట్టేయబోయాడు. 55 వాట్ల హాలోజన్లు రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల బ్యాటరీ మీద తొమ్మిది ఆంపియర్ల పైమాట. ఆ సన్నటి వైరూ స్విచ్చీ కరిగి కూర్చుంటాయి. నేను నోరు తెరిచేలోపే వాళ్ల పెద్దాయన వచ్చి కుర్రాడి చేతిలోంచి వైరు లాగేసుకుని, అగ్గిపెట్టెంత రిలే ఒకటి తీశాడు. దాని అడుగున నాలుగు రాగి కాళ్లు, పక్కన నంబర్లు. కళ్లజోడు నుదుటి మీదే ఉంచి వేలితో తడుముతూ చెప్పుకుపోయాడు. "ముప్పై బ్యాటరీకి, మధ్యలో పదిహేను ఆంప్స్ ఫ్యూజు. ఎనభై ఏడు లైటుకి. ఎనభై అయిదు బాడీ ఎర్త్. ఎనభై ఆరు స్విచ్చికి." ఆ అంకెలు డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణంలోవి. జర్మనీ ఎటుందో ఆయనకి అక్కర్లేదు, ఏ కాలు ఎటు పోతుందో తెలుసు. స్విచ్చి నొక్కితే రిలే టిక్కుమంది, గోడ తెల్లబడింది. రిలే పాఠం నేను ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

లైట్లు పెట్టాక గోడకి ఎదురుగా బండి ఆపి, సుద్దతో గీత గీసి వాలు సరిచూసుకోవాలి. మావాడు ఖాళీ బండితో సరిచూసుకున్నాడు. మర్నాడు వెనక మేత బస్తాలెక్కాయి, కమాన్ కట్టలు దిగాయి, మూతి పైకి లేచింది. గట్టెక్కేసరికి వెలుగంతా కొబ్బరి చెట్ల మీద. ఏ గెలకి ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. ముందు చక్రం దగ్గర మాత్రం చీకటి. ఆ చీకట్లో గేదె ఉండనే ఉంది. ఈగ వాలిందో ఏమో అది తల విదిలించింది, మెడలో గంట మోగింది, మావాడు బ్రేకు తొక్కాడు. అంత ఉక్కూ రెండు హాలోజన్లూ చేయలేని పని సంతలో కొన్న ఆ గంట చేసింది.

ఇంతలో చట్టం రానే వచ్చింది. బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, చర్య తీసుకోండని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణలో 182ఎ సెక్షన్ చేర్చి, అనుమతి లేని ఒక్కో మార్పుకి రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. గుడివాడ దారిలో తనిఖీకి ఆపిన అధికారి కోపిష్టి కాడు, తర్కం చదువుకున్నవాడు.

"ఈ బార్ ఎందుకు పెట్టించారు?"

"లైట్ల కోసమండి."

"లైట్లెందుకు?"

"గేదెలు కనపడ్డానికండి."

"మరి బార్ ఉత్తినే లైట్లకేనా?"

"గేదె తగిలితే బండికి దెబ్బ తగలకుండానండి."

"గేదె కనిపిస్తే గుద్దరుగా. గుద్దేదే అయితే లైటెందుకు?"

మావాడి దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. అధికారి వేళ్లు మడిచి బార్ ఒకటి, లైట్లు ఒకటి అని లెక్క మొదలుపెట్టగానే వాడు అద్దానికి వేలాడుతున్న నల్లతాడు వంక భయంగా చూశాడు, అదీ మార్పు కిందికే వస్తుందేమోనని.

బార్ ఊడింది, కోసిన బంపర్ స్థానంలో కొత్తది వచ్చింది. అప్పుడు కనిపించాయి, బంపర్‌లో కంపెనీవాడే ఫాగ్ లైట్ల కోసం వదిలి, ప్లాస్టిక్ మూతలు బిగించిన రెండు గూళ్లు. ఖరీదైన మోడల్‌కి వచ్చే లైట్లనే వాటిలో పెట్టించాం, అదే పెద్దాయనతో. కింద నుంచి వెడల్పుగా పరుచుకునే వెలుగు. గట్టు మీద మనం వెళ్లేదే ఇరవై స్పీడులో. దూరాన ఏలూరు కనిపించి ఏం లాభం, చక్రం పక్కన రెండడుగుల్లో మట్టి అంచు కనపడాలి గానీ. చెరువులో పడేవాడు అక్కడే పడతాడు.

ఊడదీసిన బార్‌ని పాత ఇనుము వాడు కిలో లెక్కన అడిగాడు. మావాడికి పౌరుషం అడ్డొచ్చింది. చెరువు దగ్గరికి తెచ్చి జనరేటర్ షెడ్డు పక్కన కాళ్లు పాతించాడు, ఎందుకో వాడికీ తెలియదు. వారం తిరిగేసరికి గేదెలు కనిపెట్టాయి. సరిగ్గా వాటి మెడ ఎత్తు. వరసలో నిలబడి మెడలూ వీపులూ ఆనించి హాయిగా గోక్కుంటున్నాయి. "గేదె కోసమే అన్నాడుగా అల్లుడుగారూ" అంది మా అత్తగారు, "మాట నిలబెట్టుకున్నాడు."

మొన్న పక్క చెరువాయన వచ్చి కాసేపు అటే చూసి, ఇలాంటిది ఎక్కడ చేయించారు, మాకూ ఒకటి కావాలి, కొలతలు ఏమన్నా ఇవ్వాలా అని అడిగాడు. మా బావమరిది మేస్త్రి ఫోన్ నంబరు రాసిచ్చి, "కొలతలక్కర్లేదండి" అన్నాడు. "ఏ గేదెకైనా సరిపోద్ది."