సగం మర్యాద, నిండు అల

సుల్తానాబాద్‌లో పుట్టినోనికి ఈత రాకున్నా బతుకు గడుస్తుంది. రోడ్డు దాటడం రాకపోతే మాత్రం గడవదు. రాజీవ్ రహదారి మా ఊరి నడుమ నుంచి పోతుంది. రైసు మిల్లులకు పోయే ధాన్యం లారీలు, మానేరు ఇసుక లారీలు, కరీంనగర్ గ్రానైటు మోసే ట్రెయిలర్లు, గోదావరిఖని బస్సులు, అన్నీ దాని మీదే. పక్కన మట్టిలో టీవీఎస్ ఎక్సెల్ మీద పచ్చగడ్డి మోపు పెట్టుకుని ఒక పెద్దమనిషి. హారన్ కొట్టినవాడిది రోడ్డు, విన్నవాడిది మట్టి. చక్రాలు ఎన్ని ఎక్కువుంటే హక్కులు అన్ని ఎక్కువ. ఈ రాజ్యాంగాన్ని ఎవరూ రాయలేదు కాబట్టి సవరించే మార్గం కూడా లేదు.

నీళ్ల మీద చక్రాలుండవు గనుక ఈ రాజ్యాంగం అక్కడ చెల్లదని అమాయకంగా అనుకునేవాళ్లం. అలా అనుకోవడానికి మాకో కారణముంది. మా పక్కనే పారే మానేరు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. అందులో తిరిగేవి ట్రాక్టర్లు. పడవకూ పడవకూ తగాదా వచ్చేంత నీరు ఉంటే కదా! కానీ కొంచెం దూరంలోనే కరీంనగర్‌లో అదే మానేరు మీద దిగువ మానేరు డ్యాం ఉంది. అందరూ ఎల్‌ఎండీ అంటారు. 1985లో పూర్తయింది, నిండితే 24 టీఎంసీలు. అవతలి ఒడ్డు కనిపించనంత నీరు చూసేసరికి రాజీవ్ రహదారిలో పట్టా పుచ్చుకున్న మన సంస్కృతికి దిగబుద్ధి కాకుండా ఎలా ఉంటుంది? దిగింది. ఇంజిన్ పెట్టుకుని మరీ దిగింది.

ఆ నీటికి అంతకుముందే కాపురస్థులు ఉన్నారు. బెస్తవాళ్లు, ముదిరాజులు. చేపల మీద బతికేవాళ్లు. వాళ్ల వాహనం చూస్తే ఆర్టీఓ ఆఫీసు కళ్లు తిరిగి పడిపోతుంది. మంచం కంటే కొంచెం పెద్ద థర్మాకోల్ పలక, విరగకుండా దానికి చుట్టూ పాత వల ముక్కో, ప్లాస్టిక్ సంచో చుట్టి తాళ్లతో బిగించి కుట్టినది. అదే తెప్ప. దాని మీద మోకాళ్లు మడిచి కూర్చుంటారు. కొందరికి తెడ్డు ఉంటుంది. కొందరికి రెండు చేతుల్లో రెండు చెక్క పలకలు, అంతే. ముందు వల కుప్ప, వెనక చేపల సంచి, నడుమ మనిషి. ఈ మూడింటిలో ఏది ఒక జానెడు జరిగినా మిగిలిన రెండూ నీళ్లలో ఉంటాయి. పొద్దుగూకేముందు వల వేసి, గుర్తుకు ఖాళీ నీళ్ల సీసాలు కట్టి, తెల్లారగట్ల పోయి తీస్తారు. బొచ్చె, రవ్వ, బంగారు తీగ, అదృష్టం పండితే కొర్రమట్ట. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఆ కొర్రమీనునే రాష్ట్ర చేపగా ప్రకటించింది. చేపకు హోదా దక్కింది. పట్టేవాడు పలక మీదే ఉన్నాడు.

ఇక ఆదివారం. బోటులో ఒక కుటుంబం, రెండు సెల్ఫీ స్టిక్కులు, ఒక బ్లూటూత్ స్పీకరు. బోటు ఎవరిదని అడగకండి, నేను చెప్పను. డ్రైవరు పోరడు చెడ్డవాడేం కాదు. ఎదురుగా తెప్ప మీద ఒక కాకను చూశాడు, ఉలిక్కిపడ్డాడు, వేగం తగ్గించాడు. తగ్గించి చేయి కూడా ఊపాడు. బోటులో ఉన్న అమ్మగారు "ఎంత మర్యాదో చూడండి!" అని మురిసిపోయారు. సరిగ్గా ఆ మర్యాదలోంచి పుట్టిన అల వచ్చి ఆ కాకను నడుం దాకా తడిపి, చేపల సంచిని తిరిగి ప్రకృతికి అప్పగించి పోయింది.

ఇందులో ఒక చిన్న శాస్త్రం ఉంది, ఓపిక పట్టండి. స్పీడు బోటు నిజంగా మెల్లగా, మనిషి నడిచినంత వేగంతో పోతే నీటిని పక్కకు జరుపుకుంటూ పోతుంది, అల చిన్నది. పూర్తి వేగం అందుకుంటే బోటు అడుగు నీటి మీదికి లేచి పైపైన జారుతుంది, అప్పుడూ అల మరీ పెద్దదేం కాదు. ఈ రెండింటి నడుమ ఒక దశ ఉంది. ముక్కు ఆకాశానికి, తోక పాతాళానికి పెట్టి నీటిని దున్నుకుంటూ పోయే దశ. అన్నిటికంటే పెద్ద అల లేచేది అప్పుడే. అల ఎత్తు రెండింతలైతే దాని శక్తి నాలుగింతలు. మన పోరడు చేసింది ఏమిటంటే, జారుతున్న బోటును మర్యాద కోసం సరిగ్గా ఆ నడిమి దశకు దించాడు. మొత్తానికే మర్యాద లేనివాడు దూరంగా దూసుకుపోతే కాక కాస్త ఊగి ఊరుకునేవాడు. సగం మర్యాద ఉన్నవాడి చేతిలో మునిగాడు.

అట్లయితే ఫుల్ స్పీడులోనే పొమ్మంటావా అని ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. తెప్పకు దూరంగా పొమ్మంటాను. దగ్గరికి రాక తప్పకపోతే ఆ సగం దగ్గర ఆగకుండా పూర్తిగా తగ్గించమంటాను, అదీ తెప్ప ముందుకు వచ్చాక కాదు, చాలా ముందే. ఆ ఆఖరి అరక్షణపు బ్రేకు లారీకి పనికొస్తుందేమో గానీ నీళ్లలో బోటు ఆగినా అల ఆగదు. దాని దారి అది పోతూనే ఉంటుంది.

కాకను తర్వాత ఒడ్డున కలిశాను. బీడీ తడిసింది, అగ్గిపెట్టె తడిసింది. ముందు ఆ సంగతే చూసుకున్నాడు.

"గట్ల వచ్చిందంటే ఏం జేస్తవ్ కాకా?"

"ఏం జేస్తం సారూ. మొఖం అటు వెట్టాలె. తెప్పకు పక్క చూపిచ్చినవా, గంతే, బోర్ల పడుడే. అలకు ఎదురు తిరిగి, వంగి, పలకలు నీళ్లల్ల బెట్టి గట్టిగ పట్టుకోవాలె. ఒకటి పోయిందని లేవద్దు. దాని ఎనుక ఇంకోటుంటది, గదే పెద్దది."

అమెరికాలో కయాక్ నేర్పే మాస్టర్లు కూడా దాదాపు ఇదే చెబుతారు. పక్క ఇవ్వకు, ముక్కు అల వైపు తిప్పు, తెడ్డు నీళ్లలోనే ఉంచు, వరసగా వచ్చే అలల్లో మొదటిదాన్ని చూసి మోసపోకు. డాలస్ చుట్టుపక్కల చెరువుల్లో వారాంతాల్లో తెడ్డు వేసే మన పిల్లలు ఈ పాఠానికి డాలర్లు కట్టి, లైఫ్ జాకెట్ కొనుక్కుని, ఆ సంగతి ఊళ్లో అమ్మకు వీడియో కాల్‌లో చెబుతారు. అక్కడ రేవుల దగ్గర "అల లేపొద్దు" అని బోర్డులుంటాయి. ఎంత వేగమని అంకె వేయకుండా అల లేవొద్దని రాస్తారు, ఎందుకంటే తెప్పను బోర్లా పడేసేది అంకె కాదని వాళ్లకు తెలిసింది. మన దగ్గర బోర్డులకు కొదవ లేదు. "సెల్ఫీలు తీసుకోరాదు" అన్న బోర్డు ముందు సెల్ఫీ తీసుకోవడానికి క్యూ ఉంటుంది.

చట్టం మాటేమిటంటారా? ఉంది. 1917లో బ్రిటిష్ వాళ్లు చేసినదాని పేరు ఇన్‌లాండ్ స్టీమ్ వెసెల్స్ యాక్ట్. ఆవిరి పడవలు పోయాయి, బ్రిటిష్ వాళ్లు పోయారు, చట్టం మాత్రం నూరేళ్లు దాటి నడిచింది. 2021లో కొత్త చట్టం వచ్చింది. అందులో ఇంజిన్ లేని పడవలకు కూడా ఒక అధ్యాయం కేటాయించారు. కాకకు ఈ శుభవార్త చెబితే "అధ్యాయం మీద కూసుంటే మునగదా సారూ?" అన్నాడు. సముద్రం మీదైతే 1972 నాటి అంతర్జాతీయ నియమాలున్నాయి. వలలు వేసి చేపలు పట్టే పడవ ఎదురైతే ఇంజిన్ పడవే తప్పుకోవాలి. తెరచాప పడవ ఎదురైనా అంతే. బలమున్నవాడే తప్పుకోవాలన్న ఆ ఆలోచన రాజీవ్ రహదారిలో ఎవరికైనా చెప్పి చూడండి, ఏ దేశం నుంచి వచ్చావని అడుగుతారు.

2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగి జనం పోయారు. ఆ తర్వాత లైఫ్ జాకెట్ అన్న మాట అధికారుల నోట బాగా నానింది. నానాల్సిందే. అయితే ఈ జాగ్రత్త అంతా టికెట్ కొన్నవాడి చుట్టే తిరుగుతుంది. బోటు లోపల ఎంతమంది, ఎంత బరువు, ఎన్ని జాకెట్లు, అన్నీ లెక్కే. బోటు బయట నీళ్లలో ఉన్న మనిషి ఏ రిజిస్టరులోనూ లేడు. టికెట్ కొనకుండా నీళ్ల మీద ఉండటం ఏమిటని వాడి మీదే కొంచెం అనుమానం కూడా.

హైదరాబాద్‌వాళ్ల బాధ ఇంకో రకం. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ వీక్ పెడతారు. తెరచాప పిల్లలూ, రోయింగ్ పిల్లలూ, విహారపు బోట్లూ అన్నీ తిరిగేది ఆ చెరువులోనే. రోయింగ్ పడవ సన్నంగా, నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది, చిన్న అల కూడా లోపలికి వచ్చేస్తుంది. అందుకే రోయింగ్ కోచ్‌ల కోసం అల దాదాపు లేవని జంట అడుగుల మోటారు బోట్లు ఎప్పుడో తయారుచేశారు. అంటే ఇంజిన్ ఉన్నంత మాత్రాన అల తప్పదన్నది అబద్ధం. కాకపోతే అల లేవని బోటులో వీడియో బాగా రాదు. నురగ లేని రీల్ ఎవరు చూస్తారు?

ఇటలీలో వెనిస్ అని నీళ్ల ఊరుంది. మోటారు బోట్ల అలలు తమ ఇళ్ల పునాదులను తినేస్తున్నాయని అక్కడి తెడ్డు జనానికి ఒళ్లు మండింది. 1975లో వందల పడవలతో ఊరంతా తెడ్డు వేసుకుంటూ ఊరేగారు. వోగాలోంగా అని పేరు. ఇప్పటికీ ఏటేటా చేస్తున్నారు. ఎల్‌ఎండీలో కూడా తెప్పల ఊరేగింపు తీద్దామని నేను ఉత్సాహపడ్డాను. అయితే ఊరేగింపుకు ఫ్లెక్సీ కావాలి. ఫ్లెక్సీ మీద నాయకుని ఫొటో ఉండాలి. ఫొటో ఉన్నాక నాయకుడు రాక తప్పదు. ఆయన వచ్చేది స్పీడు బోటులో, ముందొకటి వెనకొకటి ఎస్కార్టుతో. ఆ ఆలోచన అక్కడే ఒడ్డున వదిలేశాను.

సర్కారువారి లీల కూడా కొంత చెప్పాలి. 2016 నుంచి ఉచితంగా చేప పిల్లలను తెచ్చి జలాశయాల్లో వదిలే పథకం ఉంది. ప్లాస్టిక్ తొట్టి వంచి పిల్లలను నీళ్లలోకి జారవిడుస్తుండగా ఫొటో, చప్పట్లు. చేప పిల్ల పెరగాలి, వలలో పడాలి, కాక ఇంటికి చేరాలి. ఈ మూడింటిలో దేనికీ ఫొటోగ్రాఫర్ రాడు. వల మీదుగా బోటు ఫ్యాను తిరిగి, వల ముక్కలై, సీసాలు ఎటో కొట్టుకుపోయాక చప్పట్లు కొట్టే బాధ్యత ఏ శాఖకూ అప్పగించలేదు. వలను అడ్డంగా వేశావని కాకనే మందలిస్తారు. రెండు కొసలా సీసాలు కట్టి పెట్టాను కదా అంటే, ఖాళీ సీసాలు నీళ్లలో వేయడం కాలుష్యం అంటారు.

డ్రైవరు పోరణ్ణి కూడా అడిగాను, పాపం వాడి వాదన వినకపోతే అన్యాయం. "అన్నా, ఓనరు ఒక్కో ట్రిప్పుకు గింతసేపే అంటడు. ఎక్కినోళ్లు టర్న్ గట్టిగ కొట్టుమంటరు. మెల్లగ వోతే పైసలు వాపసు అడుగుతరు. గా కాక రోజూ గాడనే ఉంటడు, జర అటు జరిగితే ఏమైతది?" కాక జరగడం గురించి వాడికి అంత తేలిగ్గా ఎలా అనిపించింది? వాడిదీ రాజీవ్ రహదారి చదువే.

అందుకే నాకొక ఉపాయం తోచింది. స్పీడు బోటు నడిపే ప్రతి ఒక్కరినీ, లైసెన్సు చేతికిచ్చే ముందు, అరగంట సేపు థర్మాకోల్ తెప్ప మీద కూర్చోబెట్టాలి. చుట్టూ ఇంకొకడు బోటులో సగం మర్యాదగా తిరగాలి. డ్రైవర్లతో పాటు ఓనర్లను, ప్రారంభోత్సవానికి రిబ్బన్ కత్తిరించే పెద్దలను కూడా కూర్చోబెడితే మరీ మంచిది. తెప్ప నువ్వే ఇవ్వాలి కాకా, అన్నాను.

కాక కాసేపు ఆలోచించాడు. తడిసిన అగ్గిపెట్టె ఎండకు పెట్టాడు.

"వద్దు సారూ. గా పెద్దసారు నీళ్లల్ల పడితే కేసు బోటోని మీద కాదు, తెప్ప నాదని నా మీద పెడ్తరు."