బీగము విప్పు సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: చెవి నించుక త్రిప్పి, దండముతో వెన్నంటి, సంచిలోన విప్పవలెను.

అవతారిక: వీథితలుపు బీగము దుమ్ముపట్టి మొరాయింపగా, పనివానికి కబురంపక తానే దానిని ఊడదీసి శుభ్రపరుప నుద్యమించు గృహస్థునకు, ఇంటిల్లిపాదియు నవ్వక మునుపే హితము చెప్పదలచినవాడై సూత్రకారు డిట్లనుచున్నాడు.

టీక: చెవిని = ఆ బీగముతో గూడ కొన్న తాళపుచెవిని; ఇంచుక = గడియారపు చిన్నముల్లు పండ్రెండు నుండి ఒంటిగంటకు జరుగునంత; దండముతో = గుండ్రని కొయ్యకడ్డీతో; వెన్నంటి = సందు విడువక వెంబడించి; సంచిలోన = చేతులును బీగమును కూడ పట్టునట్టి పారదర్శకమగు ప్లాస్టిక్ సంచిలో; విప్పవలెను = స్పష్టము.

తాత్పర్యము: అమెరికాలో లైనస్ యేల్ అను నతడు 1861లో పేటెంటు పొందిన ఈ జాతి బీగములలో, చెవి దూరునట్టి ఇత్తడి ప్లగ్గునకు వరుసగా రంధ్రము లుండి, ఒక్కొక్కదాని యందు క్రిందిపిన్నును, దానిపై పైపిన్నును, దానినదిమిపట్టి స్ప్రింగును ఉండును గనుక, వెనుకనున్న బిళ్ళను తీసి ప్లగ్గును ఊరక లాగినచో పైవన్నియు ఒక్కుమ్మడి ఖాళీలోనికి దుమికి, స్ప్రింగు కంటికైన తగులును, లేదా బీరువా క్రింద శాశ్వతనివాస మేర్పరచుకొనును. చెవి నించుక త్రిప్పుటచే ప్లగ్గు రంధ్రములు ప్రక్కకు తొలగును. వెనుకనుండి తోయబడు దండము ప్లగ్గు విడిచిన చోటును తా నాక్రమించి పైపిన్నులను పైననే నిలుపును. దండము ప్లగ్గంత లావే, అనగా తరచుగా అర అంగుళమే, యుండవలెను. లావైనచో గరుకుకాగితముతో రుద్దవచ్చును గాని, సన్ననైనదానికి ప్రాయశ్చిత్తము లేదు.

చెదరిన పిన్నులను పట్టుటకు అయస్కాంత ముండగా సంచి యెందులకని కొందరు శంకింతురు. పిన్నులు ఇత్తడివి, ఇత్తడి అయస్కాంతమునకు లొంగదు. శంక నిలువదు.

ఇక తీసిన క్రిందిపిన్నుల నెచట నుంచవలెనన్న విషయమున సూత్రకారుడు మౌనము వహించినను, వామనగుంటల పీటయే శ్రేష్ఠమని మా మతము. పిన్నుల పొడవులు వేర్వేరుగా నుండును. ఆ హెచ్చుతగ్గులే చెవి పళ్ళకు జవాబు. అవి తారుమారైనచో యజమాని చెవికే యజమాని బీగము తెరచుకొనదు. పీటపై వరుసకు ఏడు గుంటలు. సాధారణముగా ఐదు రంధ్రములుండు బీగమునకు ఐదు గుంటలు పోగా మిగిలిన రెండింటిలో మరయు బిళ్ళయు ఇముడును. ఎదుటివరుసలో గవ్వలున్నచో ముందుగా పిల్లల యనుమతి గైకొనవలెను.

సూత్రము చెవితో నారంభమైనందున, చెవి తన చేత లేని బీగములయందు ఈ శాస్త్రమునకు ప్రవృత్తి లేదని గ్రహింపవలెను. తిరిగి కూర్చునపుడు మాత్రము, పెద్దలు చెప్పినారని కొబ్బరినూనె పోయకుడు: అది దుమ్మును పట్టి జిడ్డుగట్టును. పెన్సిలు ములికిని గీరిన పొడి చిటికెడు చాలును.