హెచ్టీ–ఎల్టీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: హెచ్టీ అయితే తీసుకో, ఎల్టీ అయితే బేరమాడు.

టీక: హెచ్టీ = హై టార్క్ అనునది; అయితే = అయినచో; తీసుకో = మారుమాటాడక డబ్బు లెక్కపెట్టుము; ఎల్టీ = లో టార్క్ అనునది; అయితే = అయినచో (ఇచ్చట పెదవి విరుపు అధ్యాహార్యము); బేరమాడు = సగానికి అడుగుము. 'బండి' అను పదము లోపించినది. అది రాజ్‌దూత్ 350 అని సంప్రదాయజ్ఞుల మతము.

తాత్పర్యము: మొదటిది ఉత్తమము, రెండవది అధమము అని భావము. ఈ భావము నిలవదని మా వ్యాఖ్య.

ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ వారు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో 1983లో దింపినప్పుడు దానికి హెచ్టీ అనే బిరుదు లేదు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. బుల్లెట్ 350 పద్దెనిమిది గుర్రాలతో ఊరేగుతున్న రోజుల్లో దీనికి ముప్పైన్నర. ఇంక బిరుదెందుకు? కొన్నాళ్లకు అదే కంపెనీ అదే బండిని సుమారు 27 గుర్రాలకు తగ్గించి ఇంకో రకం తెచ్చింది. తమ్ముడు పుట్టాకే ఇంట్లో మొదటివాడు పెద్దోడైనట్టు, ఎల్టీ వచ్చాకే పాతది హెచ్టీ అయింది. పూర్వపక్షి ఈ వరుసనే తిరగేసి చదువుతాడు. మామూలు బండికి ఏదో అదనపు బలం కూర్చి హెచ్టీ చేశారని, అందుకే దానికంత గౌరవమని అతని వాదం. ఆ వాదం అమెరికాలో చెల్లుతుంది. 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చినప్పుడు దాని మామూలు రకానికి ఆరు సిలిండర్లు, 101 గుర్రాలు. మరుసటి ఏడాది షెల్బీ జీటీ 350 అదే రూపంలో వీ8 ఇంజన్‌తో 306 గుర్రాలు లాగింది. అక్కడ మామూలుది ముందు పుట్టింది, ఘనమైనది దానిమీద కట్టుకుంటూ పోయింది, తేడా మూడింతలు. మన దగ్గర ఘనమైనది ముందు వచ్చింది, దాన్ని కోస్తే మామూలుది మిగిలింది, తేడా మూడున్నర గుర్రాలు.

అయినా ముందు వచ్చిందే మూలం కదా, మూలానికే ప్రామాణ్యం కదా అని అతను మళ్లీ లేస్తాడు. ముందు వచ్చింది నిజమే, మూలం మాత్రం కాదు. జపాన్‌లో యమహా చేసిన ఆర్‌డీ 350 బలం 39 గుర్రాలు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు. ఫరీదాబాద్‌కు వచ్చేసరికి ఆ డిస్కు పోయి డ్రమ్ము వచ్చింది, సైలెన్సర్లు మారాయి, గుర్రాల్లో ఎనిమిదిన్నర దారిలోనే దిగిపోయాయి. హెచ్టీకీ ఎల్టీకీ మధ్య దూరం మూడున్నరైతే, హెచ్టీకీ అసలు మూలానికీ మధ్య దూరం అంతకు రెట్టింపు పైమాటే. మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి వ్రతం పట్టాడు. ఎస్కార్ట్స్ వారి వ్రతం వేరు: ఈ దేశపు పెట్రోలు ధరకు పొసగనిది ఉంచకూడదని. కనుక హెచ్టీ, ఎల్టీ ఒకే గ్రంథానికి రెండు సంక్షిప్త పాఠాలు. ఒకటి కొంచెం తక్కువగా కోసింది, ఇంకొకటి కొంచెం ఎక్కువగా కోసింది.

కోత ఎక్కడ పడిందో చూస్తే మరో వింత తేలుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పొగ వెళ్లే దారి సిలిండర్ గోడలో ఉన్న కన్నం. పిస్టన్ కిందికి దిగుతూ దాన్ని తెరుస్తుంది, పైకి వస్తూ మూస్తుంది. కన్నం పెద్దదైతే కాలిన పొగ త్వరగా పోతుంది, ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు బలం విరుచుకుపడుతుంది. కాకపోతే కాలని పెట్రోలు కూడా కొంత అదే దారిన పోతుంది. ఎల్టీలో ఆ దారిని ఇరుకు చేశారు. అంటే హెచ్టీలో ఉన్నది అదనపు వస్తువు కాదు, పెద్ద ఖాళీ. లోహం లెక్కన చూస్తే బ్లాకులో ఎక్కువ సరుకున్నది ఎల్టీలోనే! తూకానికి కొనే పాత ఇనుప సామాన్ల వ్యాపారి దృష్టిలో మూలసూత్రం తలకిందులవుతుంది. ఆకురాయి పట్టిన మెకానిక్కుకు కూడా ఎల్టీయే నయం. ఉన్న లోహాన్ని గీకి కన్నం పెంచొచ్చు, పోయిన లోహాన్ని తిరిగి తేలేం.

చట్టం కోసం తగ్గించారేమో అనుకోవడానికీ వీల్లేదు. మన దేశంలో పెట్రోలు బండ్ల పొగకు గట్టి కొలతలు 1991లో వచ్చాయి, అప్పటికి ఈ బండి తయారీయే ఆగిపోయింది. కారణం మైలేజీ. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది, అదే ఏడాది ఎస్కార్ట్స్ వారే ఆర్‌ఎక్స్ 100 తెచ్చారు. చిన్న ఇంజన్, తక్కువ తాగుడు. ఆ గాలికి ఎదురు నిలవడానికి చేసిన సర్దుబాటే ఎల్టీ. దాంతోనూ నిలవలేదు, అది వేరే కథ. ఇక చివరి ఆక్షేపణ, అన్నిటికన్నా బలమైనది: నడిపినవాడికి తేడా తెలుస్తుంది కదా? తెలుస్తుంది, కాదనడం మూర్ఖత్వం. ఇంజన్ వేగం చూపే ముల్లు ఐదు వేలు దాటాక హెచ్టీ లాగే లాగుడు ఎల్టీకి లేదు. మూడున్నర గుర్రాలూ అన్ని వేగాల్లో సమంగా పంచినవి కావు, పైన పోగుపడ్డాయి. కానీ ఆ పైమెట్టు దాకా వెళ్లనిచ్చే రోడ్డేది? మామిడికాయల కాలంలో పాకాల నుంచి దామలచెరువు దాకా లోడు లారీల వెనక ఆరో గేరు ఉత్త అలంకారం. భాకరాపేట ఘాటు దిగేటప్పుడు సంగతి మరీ స్పష్టం. టూ స్ట్రోక్ ఇంజన్ బండిని పట్టి ఆపడంలో పెద్దగా సాయపడదు, భారమంతా డ్రమ్ము బ్రేకుదే. ఆ డ్రమ్ము రెండిటికీ ఒకటే, వేడెక్కడమూ ఒకటే. తగ్గిన గుర్రాల గురించి పేచీ పెట్టుకునే అభిమానులు పోయిన డిస్కు గురించి అంత బాధపడకపోవడం విచిత్రం.

పాఠపరిష్కారం చేయదలచినవాడు పక్క డబ్బా మీది స్టిక్కరును నమ్మరాదు, అది ఎవరైనా అతికించేది. పొగగొట్టం విప్పి కన్నంలోకి చూడాలి. అంతకంటే ముందు చూడవలసినవి క్రాంకు సీళ్లు. ఇన్నేళ్లకు గట్టిపడి గాలి పీలిస్తే మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు బండిని దామలచెరువు నుంచి పాకాలకు నెట్టుకుంటూ రావాలంటే ముప్పైన్నరకూ ఇరవయ్యేడుకూ భేదం లేదు, బరువు ఒకటే. ఎల్టీ బ్లాకులో మిగిలిపోయిన ఆ పిసరంత లోహం తప్ప.